పోచయ్య మెడలో కెమెరా

హలో, నా మాట వినబడుతోందా? అందరూ బాగున్నారా, భోజనాలయ్యాయా? మా సోలాపూర్ చద్దర్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. వాటిని నేసే ఒక మనిషి కథ చెబుతా. మనసుకు తగిలితే మీ గ్రూపుల్లో నలుగురికీ పంపండి. ఈ మాట ముందే అడిగేస్తున్నా, చివర్లో నాకు మాట్లాడబుద్ధి కాదు.

"ఫోటో సంగతి తర్వాత జూద్దాం గని, దీని ఎనక బొమ్మ కనవడే అద్దం గింతేనా? ఇంక పెద్దది లేదా?" అని అడిగాడు పోచయ్య.

అశోక్ చౌక్‌లో పాత కెమెరాలమ్మే తుషార్ తల గోక్కున్నాడు. బల్ల నిండా కెమెరాలు పరిచి అరపూట అయింది.

"కాకా, కొత్తగ నేర్చుకునేటోల్లకు గీ చిన్నదే మంచిగుంటది. జేబుల పడ్తది. ఫోటో ఏక్ నంబర్."

"దూరంది దగ్గరికి గుంజుతదా?"

"థోడా గుంజుతది. బాగ గుంజాలంటె గా పెద్దది దీస్కో. మెడల ఏస్కోవాలె, బరువుంటది మల్ల."

"ఉండని. చెయ్యి వణికినా బొమ్మ కదలొద్దు. ఎల్తురు తక్కువున్నా తేటగ రావాలె. బంద్ చెయ్యకుంట వెడితె బ్యాటరీ ఎంతసేపుంటది?"

"ఏంది కాకా, పెండ్లిల్లు పట్టుకుంటున్నవా?" అని నవ్వాడు తుషార్.

పోచయ్య ఆ పెద్ద కెమెరానే మెడలో వేసుకున్నాడు. పక్కనున్న అతడి భార్య మల్లమ్మకు ఒళ్లు మండింది. "గుంజుడే గావాలంటె ఫోన్ల గుంజరాదా?"

"ఫోన్ల గుంజితె బొమ్మ పలిగిపోతది మావ్‌శీ" అన్నాడు తుషార్.

ఆమె బీడీలు చుట్టి దాచుకున్నదంతా ఆ నల్ల డబ్బా మింగేసింది.

నీలం నగర్‌లో ఇంటికొచ్చాక కూడా అదే పిచ్చి. మల్లమ్మ తునికాకు కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చునేవాడు. కెమెరా ఆమె ముఖం మీదికి తిప్పి, గొట్టం సాగదీసి, అద్దంలోకి చూస్తూ ఉండిపోయేవాడు.

"నొక్కకయ్యా, తల దువ్వుకోలే."

"నొక్కనే. ఊకె జూస్తున్న."

"లగ్గమైన సంది జూస్తున్న మొకమే గదా. గిప్పుడు కొత్తగొచ్చిందా?"

"కొత్తగనే ఉంది" అన్నాడు పోచయ్య మెల్లగా.

ఆమెకు సిగ్గూ వచ్చింది, కోపమూ వచ్చింది.

అసలు గండం కార్ఖానాలో వచ్చింది. కుంఠా నాకా దగ్గర భరత్ సేట్ మగ్గాల మీద పోచయ్య చద్దర్లు నేస్తాడు. చద్దర్ల వ్యాపారంలో ప్రాణమంతా డిజైన్‌దే. సేట్ కొత్తగా గీయించిన నెమలి డిజైను ఇంకా బజారుకు పోకముందే, వేరే కార్ఖానాలో అచ్చం అదే నేస్తున్నారని తెలిసింది. ఇక్కడ చూస్తే పోచయ్య మెడలో కెమెరా. మగ్గం నడుస్తున్నంతసేపూ దాన్ని బట్ట మీదికి వంచే ఉంచుతాడు. అనుమానానికి ఇంకేం కావాలి?

ఆ కార్ఖానాలోనే నూలు కండెలు చుట్టే పక్కింటి రూపాలి పరుగున వచ్చి చెప్పింది.

"పెద్దమ్మా, సేట్ అందరి ముంగట అన్నడు. రేపు గా కెమెరా మల్ల కనవడితె పెద్దనాయన్ని పనిల నుంచి తీసేస్తడట. డిజైన్ల దొంగ అని పోలీసులకు సుత జెప్తడట."

మల్లమ్మ చేతిలోని ఆకు పక్కన పడేసింది. దొంగ అన్న పేరు పడితే ఈ వయసులో ఏ కార్ఖానా గడప తొక్కనిస్తారు? మొగుడు ఇంట్లో అడుగు పెట్టగానే నిలదీసింది.

"నిజం జెప్పు. డిజైన్లు అమ్ముకుంటున్నవా?"

"నీ మీద ఒట్టు. ఒక్క ఫోటో సుత దియ్యలే."

"మరి మెడల ఏందది, మంగళసూత్రమా?"

పోచయ్య కెమెరాను చేత్తో కప్పుకున్నాడు.

"రేపు దాన్ని ఇంట్ల వెట్టి పో."

"గదొక్కటి అడగకే."

తెల్లారేసరికి కెమెరా లేదు. మల్లమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చేసింది. పోచయ్య మంచం కింద, మూటల సందున, గూళ్లలో చేతులు పెట్టి తడిమాడు. ఆఖరికి ఆమె ముందు కూలబడ్డాడు.

"ఇయ్యవే. నీ కాళ్లు మొక్కుత. గది లేకుంట నేను పోలేను."

"పోరగాండ్లు బొమ్మకేడ్సినట్టు ఏందయ్యా ఇది? నీ పని నిలవెడదామనే దాచిన. పో, భోంగా అయింది!"

కార్ఖానా భోంగా కూత ఆగకముందే పోచయ్య లేచాడు. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి, వెళ్లిపోయాడు. గట్టెక్కించానని మల్లమ్మ ఊపిరి పీల్చుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే రూపాలి మళ్లీ వచ్చింది. "జల్ది రా పెద్దమ్మా! పెద్దనాయన చద్దర్ మొత్తం ఖరాబ్ చేసిండట, సేట్ కొట్టబోతుండు!"

మల్లమ్మకు ఒకటే తోచింది. బియ్యంలోంచి కెమెరా లాగి, కొంగులో చుట్టుకుని పరుగెత్తింది.

పోచయ్య మగ్గం ఒక్కటే ఆపేసి ఉంది. నెమలి మెడ నుంచి తోక దాకా, పోగులు తెగినచోటల్లా చారలే చారలు.

"కెమెరా తేవొద్దన్ననని కసి దీర్చుకున్నవా? ఇన్ని పోగులు తెగుతుంటె మగ్గం ఆపవా? జాన్‌బూజ్‌కర్ చేసినవ్, కావాల్నని! దొంగ!" భరత్ సేట్ కేకలు మగ్గాల మోతను మించిపోతున్నాయి. పోచయ్య తెగిన పోగులను వేళ్లతో తడుముతున్నాడు.

"దొంగ అనకు సేట్!" మల్లమ్మ మధ్యలోకి దూరి కెమెరా అతడి చేతిలో పెట్టింది. "నువ్వే జూడు. గీండ్ల ఒక్క డిజైన్ ఉన్నా, నేనే ఈన్ని పోలీసుల కాడికి తోల్కపోత."

సేట్ మీటలు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. రూపాలి చేతికిచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"డిజైన్లే గాదు సేట్, అసలు ఒక్క ఫోటో సుత లేదు."

మల్లమ్మ ఏడుస్తూనే నవ్వింది. సేట్ గొంతు దిగింది.

"నాదే తప్పు పోచయ్యా. జరిగింది జరిగింది, పనిల ఉండు. గని ఒక్క మాట జెప్పు. ఫోటోలు దియ్యనోడివి, దీన్ని మెడల ఏస్కొని దినమంత ఏం జూస్తవ్?"

జనమంతా పోచయ్య వైపు తిరిగారు. అతడు మాత్రం మల్లమ్మ వైపే తిరిగి నోరు తెరిచాడు.

"గది లేకుంటె నా కండ్లకు పోగు కనవడదు."