రెన్స్కె సైకిలుకి రెండో తాళం

"ఇది వద్దు. వంటింటి కత్తెర చాలు దీనికి," అంటూ మైండర్ట్ సన్నని తీగ తాళాన్ని బల్ల మీద పక్కకి నెట్టేశాడు.

కొట్టు యజమాని బెరెండ్ మొహం ముడుచుకున్నాడు. పొద్దుటినుంచీ అమ్మినవన్నీ అవే మరి. గ్రోనింగెన్ ఊళ్ళో మనుషులకన్నా సైకిళ్ళెక్కువ, సైకిళ్ళకన్నా దొంగలెక్కువ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది ఆయనే. చెప్పి, చవక తాళాలు అంటగట్టేదీ ఆయనే.

రెన్స్కె మాత్రం మైండర్ట్ ఏది చూపిస్తే అదే కొనేలా ఉంది. గంట క్రితందాకా ఈ అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఎవరో ఆమెకి తెలీదు.

ఆమెది ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి, మందులిచ్చి, వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగే ఉద్యోగం. రోజుకి పదకొండు ఇళ్ళు. సైకిలు లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. ఉన్న సైకిలు కాస్తా మార్చిలో దొంగలెత్తుకుపోతే, ఇంకోసారి ఇలా అయితే మీ బదులు వేరేవాళ్ళని చూసుకుంటామని ఆఫీసులో చాలా మర్యాదగా చెప్పారు. దాచుకున్నదంతా ఊడ్చి శనివారం సంతలో పాతది ఇంకోటి కొనుక్కుంది. దానికి తనే కూర్చుని నీలం రంగు వేసుకుంది.

ఇవాళ మధ్యాహ్నం ఒక ముసలావిడ ఇంట్లో పని ముగించుకుని బయటికి వచ్చేసరికి ఆ నీలం సైకిలుకి ఎవరిదో గొలుసు తాళం బిగించి ఉంది. ఆ ఊళ్ళో ఇదేం వింత కాదు. హడావిడిలో తమ సైకిలుతోపాటు పక్కదానికీ గొలుసు తిప్పేసి పోయేవాళ్ళు బోలెడుమంది. ఎవడీ కళ్ళులేని కబోది అని తిట్టుకుంటూ చుట్టూ చూస్తే పక్కనే మైండర్ట్ నిలబడి ఉన్నాడు, చేతిలో తాళంచెవి పట్టుకుని.

"చూడమ్మా, ఈ సైకిలు..." అని మొదలుపెట్టాడాయన.

అప్పుడు పడింది ఆమె చూపు వెనక చక్రం మీద. తన తాళంచెవి తాళంలోనే వేలాడుతోంది. అంటే తాళమే వేయకుండా లోపలికి పోయిందన్నమాట.

"నేను మరిచిపోయానని చూసి మీ తాళం వేశారా? వేసి ఇక్కడే కాపలా ఉన్నారా?"

ఆయన నోరు తెరిచేలోగా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. మార్చి సంగతి, ఆఫీసు సంగతి, పదకొండు ఇళ్ళ సంగతి నడివీధిలో ఏకరువు పెట్టింది. ఆ ఊరివాళ్ళు కొత్తవాళ్ళముందు అంత బయటపడరు. తర్వాత తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

మైండర్ట్ ఆ నీలం రంగు వంక చూశాడు. ఆ తర్వాత, తన భార్య పోయేముందు ఏడాదిన్నరపాటు ఇలాంటి అమ్మాయే ఒకతె రోజూ వచ్చి చూసుకునేదని, వానైనా మంచైనా ఒక్కరోజు మానలేదని చెప్పాడు. ఆ దుఃఖంలో పడి ఆ పిల్లకి ఒక్క మంచిమాటైనా చెప్పలేదట. వంగి గొలుసు విప్పాడు.

"వెనక చక్రం తాళం ఒక్కదాన్నే నమ్ముకోకమ్మా. ఇద్దరు కలిస్తే ఎత్తుకునే పోతారు. పద, ఇంకోటి చూద్దాం."

అలా వచ్చారు ఈ కొట్టుకి.

బెరెండ్ ఈసారి వంపు తిరిగిన ఇనపకడ్డీ తాళం తెచ్చాడు. గట్టిదేగానీ, సైకిలు ముందున్న బుట్ట కమ్మీ అడ్డొచ్చి స్తంభం దాకా అందదన్నాడు మైండర్ట్. బెరెండ్ పంతానికి పోయి బయట పెట్టి చూశాడు. అందలేదు. గొలుసులు తెచ్చాడు. మైండర్ట్ కొలవకుండానే నూటపది సెంటీమీటర్లది కావాలన్నాడు. గుడ్డ తొడుగు కూడా ఉండాలట, లేకపోతే ఆ పిల్ల కష్టపడి వేసుకున్న రంగు గీసుకుపోతుందట. కట్టేటప్పుడు గొలుసు నేలకి ఆననివ్వద్దని, ఆనితే సుత్తి పెట్టి ఒక్క దెబ్బకి పగలగొడతారని రెన్స్కెకి రెండుసార్లు చెప్పాడు.

బెరెండ్ కళ్ళు చిన్నవి చేశాడు. "తమరు ఇదివరకు చేసిన పనేమిటో?"

"బళ్ళో లెక్కల మాస్టర్ని."

బెరెండ్ నమ్మలేదు. నిజం చెప్పాలంటే రెన్స్కె కూడా నమ్మలేదు. దొంగల కిటుకులు ఇంత బాగా తెలిసిన మాస్టరుంటాడా? ఒకప్పుడు ఏం చేస్తే తనకేం, ఇవాళ మాత్రం దేవుడిలా వచ్చి తన పొట్టకూడు నిలబెట్టాడు అనుకుంది. గొలుసు కొని, సంచీలోంచి ముసలావిడ ఇచ్చిన అల్లం కేకు తీసి, పెద్దముక్క ఆయనకే పెట్టింది.

బయటికొచ్చాక ఆయన సైకిలు సీటు మీద చెయ్యి వేసి, మూడో గేరులో చైను జారుతుంది, వంతెన ఎక్కేముందు రెండులోకి మార్చుకో అన్నాడు. మీకెలా తెలుసని రెన్స్కె నవ్వుతూ అడిగింది. ఈ రకం బళ్ళన్నీ అంతేనన్నాడు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోనండీ," అంది.

"నేనే నీకు కృతజ్ఞత చెప్పుకోవాలమ్మా. జాగ్రత్తగా వెళ్ళు."

ఎందుకలా అన్నాడో ఆమెకి అర్థం కాలేదు. రెండు గంటలకి వెళ్ళాల్సిన ఇంటికి వేళయిపోతోందని సైకిలెక్కి వెళ్ళిపోయింది.

మైండర్ట్ జేబులో ఫోను మోగింది. నీలం సైకిలు కాలవ వంతెన దాటి కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు తీశాడు.

"పొరబడ్డాను ఇన్స్పెక్టరు గారూ, పోయిన నా సైకిలు అది కాదు."