ఇరవై ఏడో స్లైడు

“ఇరవై ఏడు తీసెయ్, టోరున్,” అన్నాడు హాల్వర్డ్, వాఫుల్ అట్టు నములుతూనే.

టోరున్ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. శుక్రవారం వాఫుల్ వేళకి విభాగంలో అందరూ కింద వంటగదిలో చేరతారు. కిడ్నీ డాక్టర్లందరికీ పెద్ద అయిన ఈ హాల్వర్డ్ మాత్రం పళ్లెం పట్టుకుని ఆమె గదికే వచ్చాడు. గడ్డానికి జామ్ అంటుకుని ఉంది.

“ఎందుకు?”

“కిడ్నీ ముక్క మరీ చిన్నది. గుత్తులు సరిపోవు.”

“పదకొండున్నాయి. ఎనిమిదుంటే చాలని నియమాల్లో రాసింది నువ్వే.”

కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి నాళాల గుత్తులవి. ఇరవై ఏడో స్లైడులో తొమ్మిది మచ్చకట్టి బిగుసుకుపోయాయి. హాల్వర్డ్ మందు ఆ మచ్చల్ని ఆపుతుందా లేదా అని ఐదు ఊళ్ల ఆసుపత్రుల్లో ఏడేళ్లుగా పరిశోధన జరుగుతోంది. రోగుల పేర్లు సీలు వేసిన కవర్లో ఉంటాయి. టోరున్‌కి వచ్చేది అంకె వేసిన గాజుపలక ఒక్కటే. ఎవరిదో తెలియకుండా మచ్చలు లెక్కపెట్టడం ఆమె పని, అందులో ఆమెకి గర్వం కూడా.

“పోనీ, నీ లెక్క కొట్టేసి ట్రోండ్‌హైమ్ ఆసుపత్రిలో ఇంకెవరిచేతైనా చదివిద్దాం.”

“అన్నీ వదిలేసి దీని మీదే ఎందుకు పడ్డావు? అదెవరిదో నీకెలా తెలుసు?”

హాల్వర్డ్ కిటికీ బయట వాన చూస్తూ, “ఈస్టర్‌కి కొండ మీది క్యాబిన్‌కి వెళ్తున్నారా? రాగ్నె ట్రోమ్సో నుంచి వస్తోందా?” అని అడిగాడు.

దొంగలెక్క రాయమన్న నోటితోనే ఆమె కూతురి క్షేమసమాచారం.

“పరీక్షలట, రాదు. ముందా గడ్డం తుడుచుకో. నిన్ను చూస్తేనే రోత పుడుతోంది.”

“పుడితే పుట్టనీ. ఆ స్లైడు మాత్రం వదిలెయ్.”

టోరున్ వదల్లేదు. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి పక్కన కూర్చుని తిన్నదంతా కక్కేయాలనిపించింది. ఆ మధ్యాహ్నమే పరిశోధనల తనిఖీ అధికారి సున్నివాకి ఫిర్యాదు పంపింది.

బుధవారం ముగ్గురూ ఒక గదిలో కూర్చున్నారు. సున్నివా కవరు సీలు తీసి, పేర్ల పట్టిక ముందు పెట్టుకుంది.

“హాల్వర్డ్, ఇరవై ఏడు ఎవరో నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“లెక్క కొట్టెయ్యమన్నావా?”

“అన్నాను.”

“ఎందుకు?”

“టోరున్‌ని బయటికి పంపితే చెప్తాను.”

టోరున్ నవ్వింది. “నా ముందు సిగ్గేస్తోందా? పదకొండింట్లో తొమ్మిది పోయాయి. ఏడాది తిరక్కుండా అతను డయాలిసిస్ మీద పడతాడు. ఏం ఆపింది నీ మందు? కిడ్నీలు ఎలాగూ దక్కలేదు, కనీసం లెక్కలోనైనా ఉండనివ్వవా?”

హాల్వర్డ్ మొహం పాలిపోయింది. “అలా మాట్లాడకు. తర్వాత బాధపడతావు.”

“బెదిరిస్తున్నావా?”

“రోగికి మాటిచ్చాను. అంతకంటే చెప్పలేను.”

“రోగులతో లాలూచీ కూడానా? ఛీ.”

ఆ మనిషిని ఇంకొక్క నిమిషం కూడా భరించలేననిపించింది ఆమెకి. సున్నివా వద్దని చెయ్యి అడ్డుపెట్టేలోపే బల్ల మీదికి వంగి పట్టిక లాక్కుంది. వేలితో ఒక్కో వరుసా దిగుతూ ఇరవై ఏడు దగ్గర ఆగింది.

అక్కడ తన కూతురి పేరుంది.