ఐదుగురి ఫొటో

"ఐదుగురూ చేతులు కలిపి పైకెత్తినట్టు ఉండాలి బాబూ" అంది టీచరమ్మ.

మున్సిపాలిటీని బిల్డరు మనుషుల చేతుల్లోంచి లాక్కోవాలంటే మంచివాళ్లంతా ఒకే ప్యానెల్‌గా నిలబడాలని ఆవిడ రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగింది. ఒకాయన సీటు లేదని మొరాయిస్తే, తన నామినేషన్ వెనక్కి తీసుకుని ఆ వార్డు ఆయనకిచ్చేసింది.

ఐదుగురూ నా స్టూడియోకి వచ్చారు. కాకపోతే ఐదు వేళల్లో వచ్చారు. లోపల ఒకరున్నారని తెలిస్తే ఇంకొకరు మెట్లెక్కరు.

"ఉత్త గాల్లోకి చెయ్యెత్తితే కలిపినట్టు ఉండదమ్మా" అన్నాను.

"నేను పట్టుకుంటాలే. నువ్వు మొహాలు చూసుకో."

పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్టూలెక్కి నిలబడి, ఫొటోలో చెయ్యి తప్ప తను పడకుండా పక్కకి ఒదిగి, వచ్చినవాళ్లకల్లా చెయ్యి అందించింది. ఐదు ఫొటోలూ కంప్యూటర్లో నేనే అతికించాను. పోస్టరు మాత్రం అదిరింది.

ఐదుగురూ ఓడిపోయారు. ఒకరి వార్డులో ఇంకొకరు ప్రచారానికి అడుగుపెడితే ఒట్టు.

ఐదేళ్లకి మళ్లీ ఎన్నికలొచ్చాయి. టీచరమ్మ సీటు పుచ్చుకున్నాయన ఆ పాత పోస్టరు పట్టుకుని మెట్లెక్కాడు.

"ఈసారి బిల్డరుగారి ప్యానెల్లో దిగుతున్నానయ్యా. ఇందులో వయసు తెలియట్లేదు, నా బొమ్మ ఒక్కటీ కత్తిరించివ్వు."

కత్తిరించి చూపించాను. కళ్లజోడు సవరించుకుని స్క్రీనుకేసి వంగాడు.

"నా వేళ్లు పట్టుకుని ఈ ముసలి చెయ్యెవరిదయ్యా? చెరిపెయ్."