జొన్నరొట్టె నంబర్ వన్

"ఆర్డరు పెట్టింది జొన్నరొట్టె. వచ్చింది జొన్నపిండి."

ఫోన్‌లో ఆ రివ్యూ చదివి చంద్రికకు ఒళ్ళు మండింది. ఈ వారంలో అలాంటిది పదకొండోది.

శింగనమల ఆడవాళ్ళ చేత కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు చేయించి, బుక్కరాయసముద్రంలోని తన ఇంట్లో డబ్బాలకెత్తి, పైన తన పేరూ అడ్రసూ అచ్చేసిన లేబులు అంటించి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది చంద్రిక. మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఇప్పుడు సైటు వాళ్ళు మెయిలు పెట్టారు. పదిహేను రోజుల్లో ఫిర్యాదులు తగ్గకపోతే సరుకు తీసేస్తారట.

తీసేస్తే ఆ పేరు పోయినట్టే. అనంతపురం బట్టల షాపులో ఉద్యోగం మానేసిన రోజు ఓనరు నవ్వుతూ అన్న మాట ఆమె మరిచిపోలేదు.

"ఆర్నెల్లకు నువ్వే వస్తావులేమ్మా. నీ స్టూలు అట్లనే పెట్టింటా."

చచ్చినా ఆ స్టూలు ఎక్కనని ఆవేళే ఒట్టు పెట్టుకుంది.

"నెలనెలా దుడ్లు కట్టి సోది చెప్పించుకుంటాండావు," అన్నాడు భర్త ఆనంద్, ఆమె ముందున్న లాప్‌టాప్ వంక చూసి.

"సోది కాదప్పా, టూలు. యా సరుకు ఎంత పోతాందో, జనం ఏమని వెతుకుతాండారో అంతా చెప్తాది. రొట్టెలు పెట్టమని చెప్పింది గూడా ఇదే. ఆర్డర్లు రాలేదా?"

"వచ్చినాయి. తిట్లు గూడా వచ్చినాయి."

అందులో అబద్ధం లేదు కాబట్టి ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

టూల్లో రొట్టెల అంగడి మొత్తం కనిపిస్తుంది. అందరికంటే పైన 'ఎర్రనేల' అనే పేరు. వాళ్ళ ధర, వాళ్ళ ఫొటోలు, రోజుకు ఎన్ని పోతున్నాయో, అన్నీ చంద్రికకు కంఠతా వచ్చు. వాళ్ళు ఒక రూపాయి తగ్గిస్తే తను రెండు తగ్గిస్తుంది. ఏ బెంగళూరు కంపెనీయో అయ్యుంటుందని ఆమె నమ్మకం.

ఇంతలో గేటు చప్పుడైంది.

యాభై అయిదేళ్ళ మనిషి. వెలిసిన నూలు చీర, అరిగిన చెప్పులు, చంకలో సంచి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా దుమ్ము.

"చంద్రిక అంటే నువ్వేనా పాపా? నా పేరు కదిరమ్మ. కుందుర్పి నుంచి వచ్చినా. మీ రొట్టెలు మా కోడలు ఫోన్లో తెప్పించింది. పన్నెండుకు ఎనిమిది ఇరిగినాయి."

"దుడ్లు వాపసు వేస్తాలే పెద్దమ్మా. దానికి ఇంత దూరం రావల్లనా?"

"దుడ్లకు రాలేదు. ఎట్ల కట్టల్లో చెప్పిపోదామని వచ్చినా."

పనికోసం వచ్చిందన్నమాట, అనుకుంది చంద్రిక.

"ఈడ పనికి మనుషులు ఉండారు."

"పని అడిగినానా నేను?" కదిరమ్మ గొంతు పెంచింది. "ఆరకుండానే మూత పెట్టినావు. డబ్బాలో వదులుగా పడేసినావు. రెండు దినాలు నీడన ఆరబెట్టల్ల. ఒకదాని మింద ఒకటి పేర్చి, నూలుగుడ్డలో కదలకుండా బిగించి ముడెయ్యల్ల. వానల్లేక వలస పోయేటప్పుడు మా అమ్మోళ్ళు అట్లనే కట్టుకొని పోయినారు. బస్సు టాపు మింద బెంగళూరు దాకా పోయినా ఒక్కటీ ఇరిగేది కాదు."

చంద్రికకు నవ్వొచ్చింది.

"ఈ కాలంలో గుడ్డమూటలు ఎవురు కొంటారు? రొట్టె డబ్బాలోంచి కనపడల్ల. టూలు లెక్కలు చూసే పెట్టినా."

"ఎంతమంది కొంటారో నీ టూలు చెప్తాది, ఒప్పుకుంటా. ఒకసారి కొన్నోళ్ళు మల్లా ఎందుకు కొనరో చెప్తాదా?"

"అన్నీ చెప్తాది. నంబర్ వన్ వాళ్ళ గుట్టంతా నా చేతిలో ఉండాది. నెల తిరిగేలోపల వాళ్ళను కిందికి దించుతా, చూస్తాండు."

కదిరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"దించు పాపా. ఆ పొగరు ఉండల్ల. వాళ్ళ రొట్టె ఎప్పుడన్నా తిని చూసినావా?"

లెక్కలన్నీ టూల్లో ఉండగా రొట్టె తెప్పించుకోవాలని చంద్రికకు ఎప్పుడూ తోచలేదు.

"నీ రొట్టె ఇరిగితే నీకొక్కదానికే కాదు చెడ్డపేరు. సీమ రొట్టె అంటేనే పొడి అనుకుంటారు," అని కదిరమ్మ వెనక్కి తిరిగింది.

ఆనంద్ మంచినీళ్ళు తెచ్చేసరికి ఆమె గేటు దాటేసింది.

"పాపం, ఎండన పడి వచ్చిందే. రెండు మాటలు వినింటే ఏం పోతాండె?" అన్నాడు.

"దారిన పోయేవాళ్ళందరి దగ్గరా నేర్చుకోవల్లనా నేను?"

చంద్రిక ధర ఇంకో ఐదు రూపాయలు తగ్గించింది. ఫొటోలు మార్చింది. టూలు చూపించిన మాటలన్నీ సరుకు పేరులో ఇరికించింది. ఆర్డర్లు పెరిగాయి, టూలు ఆ మాట నిలబెట్టుకుంది. వాటితోపాటే విరిగిన రొట్టెలూ పెరిగాయి. పదహారో రోజు పొద్దున ఆమె సరుకు సైటులోంచి మాయమైంది.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బట్టల షాపు ఓనరు గెలిచినట్టవుతుంది.

"అంత గొప్ప ఏముండాదో చూస్తా," అని పంతం కొద్దీ 'ఎర్రనేల' రొట్టెలు ఒక పెట్టె తెప్పించింది.

వచ్చిన అట్టపెట్టె ఒక మూల నలిగిపోయి ఉంది. దారిలో ఎవరో బాగానే ఎత్తి పడేశారు. ఆ మూల చూసి చంద్రికకు కొంచెం సంతోషం కూడా కలిగింది.

విప్పింది. పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. ఒక్కదానికీ బీట లేదు.

ఇన్నాళ్ళూ ఎవరితో పోటీపడిందో కనీసం పేరైనా తెలుసుకుందామని పెట్టెను వెనక్కి తిప్పింది.

డబ్బు కట్టి మరీ తను వెంటాడిన నంబర్ వన్ పేరూ ఊరూ అక్కడ చిన్న అక్షరాల్లో ఉన్నాయి: కదిరమ్మ, కుందుర్పి.