నాలుగో మనిషి

"లెన్సే!" అన్నాడు నానాజీ.

"ట్రైపాడే!" అంది ఇందు.

అనకాపల్లి మెయిన్ రోడ్డులో వలి కెమెరా షాపు. కౌంటరు మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి దర్జాగా నిలబడ్డ పొడుగాటి జూమ్ లెన్సు. రెండోది మూడు కాళ్ళూ ముడుచుకుని బుద్ధిగా పడుకున్న ట్రైపాడు. తెచ్చుకున్న డబ్బుకి ఏదో ఒక్కటే వస్తుంది. నానాజీ వారమంతా లెక్కల మాస్టారు, ఆదివారం ఒక్కరోజూ ఫొటోగ్రాఫరు. ఇందు అతని భార్య. పెళ్ళయి మూడు నెలలు.

"కొండకర్ల ఆవ చెరువులో పిట్టలు ఎండలు ముదిరితే ఎగిరిపోతాయి ఇందూ. నా దగ్గరున్న లెన్సుతో తీత్తే కొంగ కూడా బియ్యపుగింజలా పడతంది."

"పిట్టలు వచ్చే ఏడు మళ్ళీ వత్తాయి బావా. ఇదిగో, నా ఫోన్లో ఆరొందల ఫొటోలున్నాయి. వంకాయ కోస్తున్న నేను, కోసిన వంకాయ, వంకాయ కూర తింటున్న నానమ్మ! నువ్వెక్కడ?"

"తీసేవాణ్ణి నేనైతే నేనెలాగుంటాను? పోనీ, సెల్ఫీ దిగుదాం."

"సెల్ఫీలో సగం నీ మోచెయ్యి, సగం నానమ్మ కళ్ళజోడు. నాకలా వద్దు. నువ్వూ, నేనూ, నానమ్మా నిండుగా కనబడాలి. కెమెరాని దీని మీద నిలబెట్టి నువ్వొచ్చి నా పక్కన నిల్చో. అదొక్కటీ చాలు."

వలి లెన్సు అద్దం తుడుస్తూ నవ్వాడు. యాభై దాటిన మనిషి. "ఇలాంటివి ఇంట్లో తేల్చుకుని రావాలమ్మా. నా కౌంటరు మీద తేల్చుకుంటే ఎలాగ?"

"ఇప్పుడే తేలిపోతాది చూడండి," అని నానాజీ ఇంటికి ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. "నానమ్మా, నువ్వూ నేనూ ఇందూ, ముగ్గురం కలిసి ఫొటో దిగుదామా?"

"ఓరి నీ నోట మన్నుబడ! ముగ్గురేటిరా?" కాసులమ్మ గొంతు షాపంతా మోగింది. "ముగ్గురు దిగితే నడుమనున్నోలు పోతారని తెల్దేటి నీకు?"

"అదంతా ఉత్తిదే నానమ్మా," అంది ఇందు.

"ఉత్తిదైతే నడుమ ఎవరు కూకుంతారే? నిన్ను నాను కూకోనివ్వను, ఆణ్ణి నువ్వు కూకోనివ్వవు, నన్ను మీరు కూకోనివ్వరు. మరింకేటి! గోడ మీద ఫొటో సూడండి. ఆ రోజు మీ తాతతో సెప్పేసినాను, నాలుగో మనిసొచ్చేకే కుర్సీలో కూకుంతానని!"

ఫోన్ పెట్టేసింది.

నానాజీ కాలరెగరేశాడు. ఇందు మొహం చిన్నబోయింది. ట్రైపాడు కాలు ఒకటి కొంచెం బయటికి లాగి, మళ్ళీ లోపలికి నెట్టేసింది.

"లెన్సే కట్టేయండి," అంది మెల్లగా.

వలికి జాలేసింది. డబ్బా కోసం వెతుకుతూ మాట మార్చాడు. "గోడ మీద ఫొటో అంటన్నారు, ఏటమ్మా అది?"

అంతే, ఇందు కళ్ళు మళ్ళీ వెలిగాయి. "అయ్యో, అది మీరు చూడాలి!" అని ఫోన్ తీసింది.

నలుపు తెలుపు బొమ్మ. వెనక తెర మీద గీసిన మేడమెట్లు. కుర్చీలో పాతికేళ్ళ కాసులమ్మ, పక్కన తాతగారు, ముందర నిక్కరేసుకున్న పిల్లాడు, అంటే ఇందు మావగారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఆ చివర ఉన్న సన్నటి మనిషి మాత్రం నవ్వుతున్నాడు. అతని కుడిచెయ్యి పొగలా చెదిరిపోయింది.

"ఈయనెవరో ఇంట్లో ఎవరికీ తెలీదు," అంది ఇందు. "కాపరానికొచ్చిన రోజు పెదమావయ్యగారనుకుని ఈయనక్కూడా దండం పెట్టేసేను. మా బావ మంచం మీద పడి దొర్లి నవ్వేడు."

"ఇప్పుడూ రోజూ పెడతాది లెండి," అన్నాడు నానాజీ.

"పెడతాను! అందర్లోకీ నవ్వుతున్నది ఈయనొక్కడే మరి."

వలి ఫోన్ అందుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. మేడమెట్లు చూశాడు. ఆ నవ్వు చూశాడు.

"ఇతనెవరని చెప్పింది మీ నానమ్మ?"

"నానమ్మకే గుర్తులేదు. దారిన పోయేవాణ్ణెవర్నో పిలిచి నిలబెట్టుంటారు," అన్నాడు నానాజీ.

"ఎవర్నీ పిలవలేదు తమ్ముడూ. కెమెరా స్టాండు మీద బిగించి, టైమరు తిప్పి, తనే పరిగెత్తుకొచ్చి నిల్చున్నాడు. ఆ చెయ్యి ఇంకా ఆగలేదు, చూడు."

నానాజీ ఫోన్‌లోకి వంగాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న ఫొటో. అందులో ఫొటో తీసినవాడే ఉన్నాడని అతనికి ఏనాడూ తట్టలేదు. లెన్సు ఎత్తి, దాని డబ్బాలో తనే పెట్టేశాడు.

"ట్రైపాడే ఇవ్వండి," అన్నాడు.

ఇందు షాపులోనే చప్పట్లు కొట్టింది. అంతలోనే ఆగిపోయింది. "మరి మాకు నాలుగో మనిషి?"

"నేనొత్తానమ్మా," అన్నాడు వలి. "ఈ ఆదివారమే వత్తాను. గోడ మీద ఫొటోకి ఒక్క కాపీ తీసుకోనియ్యండి, చాలు."

"మా ఇంటి ఫొటో మీకెందుకండీ?"

"ఊరందరికీ ఫొటోలు తీసేడమ్మా మా నాన్న. మా ఇంట్లో ఆయనది ఒక్కటీ లేదు."