రాజక్క పాలపిట్ట

"పంజరం మీదికెల్లి చెయ్యి తియ్యి సదానందం. మర్యాదగ చెప్తాన."

దసరా పొద్దున అది. శివనగర్‌లో గాజుల దుకాణం నడిపే రాజక్క ఇంటికొచ్చి, అరుగు మీది పంజరాన్ని కాలనీ దసరా కమిటీ పెద్ద సదానందం అప్పటికే సగం పైకెత్తాడు. ఇటు పక్క రాజక్క గట్టిగా పట్టుకుంది. మధ్యలో పాలపిట్ట బెదిరిపోయి ఓ మూలకు ఒదిగింది.

పండుగ పూట చూస్తే శుభం కాబట్టి సాయంత్రం జమ్మి పూజయ్యాక అందరికీ పాలపిట్టను చూపించాలి, బయట ఒక్కటీ కనబడటం లేదు, ఒక్క పూట ఇస్తే అరిగిపోతుందా అని అతని వాదన. వరసకు తమ్ముడే. అయినా రాజక్కకు ఒళ్లు మండిపోయింది.

పోయిన దసరాకు ఈ పిట్టను తెప్పించింది ఈ కమిటీయే. ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తెరతో కోయించారు. జనమంతా చూసి దండం పెట్టుకున్నాక మురుగు మోరీ పక్కన పడేసి పోయారు. కుక్క నోట పడబోతుంటే రాజక్కే కొంగులో చుట్టుకుని తెచ్చింది.

కోసిన ఈక మన జుట్టులా మళ్లీ పెరగదని పశువుల దవాఖాన డాక్టరు చెప్పాడు. ఆ మొండి ఈక దానంతట అది రాలాలి, అక్కడ కొత్తది మొలవాలి, అందాకా ఓపిక పట్టాలి. రాజక్క పట్టింది. దుకాణం మూసి మిడతల కోసం ధర్మసాగర్ పొలాల దాకా తిరిగింది. వానలు పడ్డాక మొండి ఈకలు ఒక్కొక్కటీ రాలాయి. లేత ఈకలో నెత్తురుంటుంది, దెబ్బ తగిలితే కారుతుందంటే పంజరం లోపలంతా పాత చీర మెత్తగా కట్టింది. నిన్న గదిలో వదిలితే ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా ఎగిరింది.

"అందరికి మంచి జరగాల్నని అడుగుతాన అక్కా. నా ఒక్కనికోసమా?"

"పోయినేడు చూసిన్రు, మీకు మంచే అయింది. మరి దీనికేమైంది?"

సదానందం పట్టు కాస్త వదిలాడు. రాజక్క పంజరం లాక్కుని, ఏడాదంతా దీనికో మిడత తెచ్చిన మొహం ఒక్కటన్నా ఉందా అని కాలనీ మొత్తాన్నీ తిడుతూ డాబా ఎక్కింది. పంజరం తలుపు తీసింది. పిట్ట కాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత నీలం రెక్కలు బార్లా చాపి, నీళ్ల ట్యాంకులు, కరెంటు తీగలు దాటి వెళ్లిపోయింది. కింద నిలబడ్డ జనం చేతులు జోడించారు. సదానందం కూడా.

సాయంత్రం అతనే మళ్లీ వచ్చాడు. రాజక్క చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాడు. పొద్దున తనది తప్పేనని ఒప్పుకున్నాడు. దాంతో ఆమె కోపం కరిగింది. గారెలు తిని పొమ్మంది.

అతను చంకలోంచి గుడ్డ కప్పిన బుట్ట తీసి అరుగు మీద పెట్టాడు. రాజక్క గుడ్డ తొలగించింది. ఇంకో పాలపిట్ట. రెండు రెక్కలూ మొండిగా ఉన్నాయి.

"కోపం చెయ్యకక్కా, జమ్మి గద్దె కాడ అందరు ఎదురుచూస్తాన్రని ఇంకోటి తెప్పిచ్చిన. నీ దగ్గరుంటె ఎట్లయిన మళ్ల మొలుస్తయి గదాని, ఈసారి ఫికర్ లేకుంట నేనే కోసిన."