ఏడో గుహ

"మళ్ళీ అక్కడే చచ్చావేంటే?" అమ్మ కంప్యూటర్ తెరలోకి తొంగిచూసింది.

"ఏడో గుహలో అక్క ఆడించిన పురుగు చచ్చి పడుందమ్మా. ఈ ఆటలో చచ్చినదాన్ని తింటే దాని రెక్కలు మనకొస్తాయి. అవి లేకపోతే ముందుకెళ్ళలేం."

"మరి తినవేం?"

"తింటే మాయమైపోతుంది. అక్క పోయేముందు ఆడిన చివరి ఆట అది."

అమ్మ నా చొక్కా అంచు పైకెత్తి, పక్కటెముకల కింద మచ్చ మీద చెయ్యి వేసింది. లోపల ఉన్నది అక్క కాలేయం. తను పోయిన రోజే నాకు అమర్చారు.

"ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి నాకూ చేతులు రాలేదు. అక్క మాయమైపోయిందా మరి?"

నేను మీట నొక్కాను. నా పురుగు తినడం మొదలుపెట్టింది. దాని వీపు మీద అక్క రెక్కలు విచ్చుకున్నాయి.

అమ్మ తెర వైపు చూడనేలేదు. మచ్చ మీద మెల్లగా జోకొడుతూనే ఉంది.